పీసీ వాటర్ కూలింగ్: కూలెంట్‌లో ఏం కలపాలి, ఏం కలిపితే కొంప మునుగుతుంది?

 

ముందు నా చేతిలో ఉన్నది చూడండి. ఇది నా పాత గ్రాఫిక్స్ కార్డ్ మీద ఉన్న వాటర్ బ్లాక్. లోపల ఆకుపచ్చగా జిగురు కనిపిస్తోందా? ఊళ్లో నీళ్ల తొట్టికి పట్టే నాచులా ఉంది కదా? సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నప్పుడు ఏడాది పాటు దాచుకున్న డబ్బులతో కొన్న కార్డ్ అది. దాన్ని చంపింది ఎవరో కాదు, నేనే.

ఏం చేశానంటే, 20 లీటర్ల వాటర్ క్యాన్‌లోంచి నీళ్లు పట్టి, కాస్త ఫుడ్ కలర్ కలిపి లూప్‌లో పోసేశా. పార్ట్స్ అమ్మిన షాపాయన కూడా "మినరల్ వాటర్ చాలు బ్రో" అన్నాడు. మొదటి నెల సూపర్. నాలుగో నెలకి గేమ్ పెడితే టెంపరేచర్ 60 డిగ్రీల నుంచి 85కి ఎక్కింది. నేను పట్టించుకోలేదు. ఇంకో నెలకి పైనున్న అల్యూమినియం రేడియేటర్‌కి సూది మొనంత చిల్లు పడి, నీళ్లు బొట్టు బొట్టుగా కార్డ్ మీద పడ్డాయి. అంతే, కథ కంచికి.

సో, ఈ ఎపిసోడ్‌లో ఆ తప్పు మీరు చేయకుండా ఎలాగో చూద్దాం.

ఫస్ట్ పాయింట్. అడిటివ్ కలిపితే పీసీ ఇంకా చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. అలా ఏం ఉండదు. వేడిని మోసే పనిలో మామూలు నీళ్లే బెస్ట్. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయాలంటే సుమారు 4.2 జౌల్స్ కావాలి. అదే ఇథిలీన్ గ్లైకాల్‌కి 2.4 దగ్గర సరిపోతుంది. అంటే గ్లైకాల్ ఎక్కువ కలిపే కొద్దీ కూలింగ్ కొంచెం తగ్గుతుందే తప్ప పెరగదు. మరి అడిటివ్ ఎందుకు? రెండే పనులకి. ఒకటి, మెటల్ తుప్పు పట్టకుండా ఆపడం. రెండు, నాచు, బ్యాక్టీరియా పెరగకుండా ఆపడం. మూడోది రంగు, అది మన సరదా కోసం.

తుప్పు సంగతి చూద్దాం. రాగి, అల్యూమినియం ఒకే నీళ్లలో కలిస్తే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. అందులో అల్యూమినియం కరిగిపోతుంది. నా రేడియేటర్‌కి జరిగింది ఇదే. క్యాన్ నీళ్లలో ఉండే లవణాలు దాన్ని ఇంకా స్పీడ్ చేశాయి. బెంజోట్రయజోల్ లాంటి కెమికల్ రాగి మీద పల్చటి పొరలా పట్టి కాపాడుతుంది. కానీ రాగి బ్లాక్‌కి అల్యూమినియం రేడియేటర్ పెట్టి, అడిటివ్ పోశాను కదా అని ధైర్యంగా ఉండకండి. అది నష్టాన్ని లేట్ చేస్తుంది, ఆపలేదు. అందుకే బాటిల్ కొనే ముందు మీ లూప్‌లో ఏ మెటల్స్ ఉన్నాయో చూడండి. రాగి, ఇత్తడి, నికెల్ పూత ఉన్నవి కలిపి వాడుకోవచ్చు. అల్యూమినియం మాత్రం వాటితో వద్దు.

ఇక నాచు. దీనికి కొంతమంది కాపర్ సల్ఫేట్ వాడతారు. అదేనండి, మన రైతులు వాడే మైలుతుత్తం. స్కూల్‌లో ఆ నీలం నీళ్లలో ఇనుప మేకు వేస్తే మేకు మీద రాగి పేరుకోవడం గుర్తుందా? అల్యూమినియం ఉన్న లూప్‌లోనూ అదే కెమిస్ట్రీ నడుస్తుంది. నికెల్‌కి కూడా అది మంచిది కాదు. కాబట్టి పీసీ కోసమే చేసిన బయోసైడ్ తీసుకుని, బాటిల్ మీద రాసినన్ని చుక్కలే వేయండి. ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిది అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

"బ్రో, కారు కూలెంట్ పోయొచ్చా?" అని చాలామంది అడుగుతారు. అది గడ్డకట్టే చలి, మరిగే ఇంజిన్ కోసం చేసింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మీ గదిలో నీళ్లు గడ్డకట్టవు. అమెరికాలో చలికాలంలో పీసీని కారు డిక్కీలో పెట్టుకుని ఊరు మారే మన వాళ్లకి గ్లైకాల్ అవసరం రావచ్చు. ఇంకో సంగతి, గ్లైకాల్ మరీ తక్కువ కలిపినా బ్యాక్టీరియాకి అది తిండి అవుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. ఇంట్లో చిన్నపిల్లలు, కుక్కపిల్లలు ఉంటే దాన్ని కూల్‌డ్రింక్ బాటిల్‌లో అస్సలు పోసి పెట్టొద్దు. ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసినవి చాలా నయం.

"నాన్ కండక్టివ్" అని రాసున్న కూలెంట్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. బాటిల్‌లో ఉన్నప్పుడు నిజమే. లూప్‌లో తిరిగే కొద్దీ మెటల్ అయాన్లు కలుస్తాయి, అప్పుడు కరెంట్ పాస్ అవుతుంది. పాలలా చిక్కగా మెరిసే కూలెంట్లు కెమెరాకి భలే ఉంటాయి, కానీ వాటిలో ఉండే సన్నటి రేణువులు బ్లాక్ సందుల్లో పేరుకుపోతాయి.

ఫైనల్‌గా నేను ఇప్పుడు చేసేది ఇది. కొత్త రేడియేటర్‌ని ముందు డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడుగుతా. మొదటిసారి లూప్ చేసేవాళ్లయితే రెడీమేడ్ ప్రీమిక్స్ కొనండి, అందులో రెండు అడిటివ్స్ కలిపే ఉంటాయి. సొంతంగా కలపాలంటే డిస్టిల్డ్ వాటర్, ఒక ఇన్హిబిటర్, ఒక బయోసైడ్ చాలు. అవి రెండూ ఒకే కంపెనీవి అయితే సేఫ్. వేర్వేరు కంపెనీలవి కలిపితే పెరుగు విరిగినట్టు తెల్లగా విరగొచ్చు. ఏడాదికోసారి మార్చేయండి. మధ్యలో రంగు మారినా, టెంపరేచర్ మెల్లగా పెరుగుతున్నా నాలాగా ఆగొద్దు, వెంటనే విప్పి చూడండి. సీల్ చేసి వచ్చే ఏఐఓ కూలర్ ఉన్నవాళ్లు మాత్రం దాన్ని విప్పకండి, దాంట్లో ఏమీ కలపక్కర్లేదు.

మీ లూప్‌లో ఏ మెటల్స్ ఉన్నాయో కామెంట్‌లో రాయండి, ఏది సెట్ అవుతుందో చెప్తా. నచ్చితే కొత్తగా పీసీ కడుతున్న మీ ఫ్రెండ్‌కి పంపండి, వాడి కార్డ్ అయినా బతుకుతుంది. మళ్లీ కలుద్దాం, ఉంటాను మరి!