గుండె లయ తప్పితే అందరికీ రక్తం పలుచన చేసే మందు అవసరమా?

కొందరిలో గుండె పై గదులు క్రమంగా ముడుచుకోకుండా అడ్డదిడ్డంగా అదురుతుంటాయి. నాడి పట్టి చూస్తే ఒక లయలో దొరకదు. దీన్నే వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. ఎడమ పై గదిని ఆనుకొని చిన్న సంచి ఉంటుంది. అందులో రక్తం నిలిచిపోతే గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అందుకే రక్తం పలుచన చేసే మందులు రాస్తారు.

నిజానికి ఈ మందులు రక్తాన్ని నీళ్లలా మార్చవు, గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి. అందుకే కడుపులోనో మెదడులోనో రక్తస్రావమయ్యే భయమూ ఉంది. ముప్పు ఎక్కువున్న వారికి మందు వల్ల మేలే ఎక్కువ. ముప్పు చాలా తక్కువున్న వారికి కీడే మిగలవచ్చు.

దీన్ని తేల్చడానికి మార్కుల లెక్క ఉంది. బీపీ, షుగర్, గుండె బలహీనత, రక్తనాళాల జబ్బు – ఒక్కొక్కదానికి 1. వయసు 65 నుంచి 74 వరకు 1, 75 నిండితే 2. ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే 2. స్త్రీలకు అదనంగా వేసే 1 మార్కును యూరప్ హృద్రోగ నిపుణుల సంఘం 2024లో తొలగించింది.

మొత్తం 0 అయితే సాధారణంగా మందు అక్కరలేదు. 1 అయితే వైద్యుడు, రోగి కలిసి ఆలోచించి నిర్ణయించుకోవాలి. 2 లేదా అంతకు మించితే మందు వాడమంటారు. దడ అప్పుడప్పుడూ వచ్చిపోయినా లెక్క ఇదే. "పోనీ, ఆస్ప్రిన్ వేసుకుంటాను" అనుకోవడం పొరపాటు. ఈ జబ్బులో పక్షవాతాన్ని ఆపడానికి అది సరిపోదు, పైగా రక్తస్రావం ముప్పు ఉండనే ఉంది.

మార్కులు ఎప్పటికీ ఒకేలా ఉండవు. 52 ఏళ్ల వ్యక్తికి ఏ జబ్బూ లేకపోతే 0. రేపు బీపీ వస్తే 1. 65 నిండేసరికి 2. కాబట్టి ఏటేటా లెక్క మళ్లీ చూడాలి.

ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం ఒక మోస్తరుగానైనా, బాగానైనా సన్నబడిన వారికి, లోహపు వాల్వు అమర్చిన వారికి ఈ లెక్క వర్తించదు. మార్కులు 0 అయినా వారు వార్ఫరిన్ లాంటి మందు వాడాలి, ఐఎన్‌ఆర్ రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. మన దేశంలో ఇలాంటి రోగులు తక్కువేమీ కాదు. ఎకో పరీక్ష చేస్తేనే కవాటం సంగతి తెలుస్తుంది.

ఇది చదివి ఎవరూ వాడుతున్న మందు తమంతట తాము మానవద్దు. "నా మార్కులెన్ని?" అని వైద్యుణ్ణి అడగండి. దాతలు గమనించవలసింది ఒకటుంది: ఈ లెక్కలో సగం బీపీ, షుగర్ పరీక్షలతోనూ, వయసు అడిగి తెలుసుకోవడంతోనూ తేలిపోతుంది. పేదవాడికి ఆ చిన్న పరీక్షలు అందితే, అవసరమున్న వాడికి మందు దక్కుతుంది, అవసరం లేని వాడికి ప్రమాదమూ ఖర్చూ తప్పుతాయి.