ముందు పేరు, తర్వాత ఆధారం

మక్కా మసీదులో బాంబు పెట్టిందెవరు? ఈ ప్రశ్నకు మూసీకి ఇవతల ఒక జవాబుంది, అవతల ఇంకో జవాబుంది. రెండు వైపులా అడగ్గానే చెప్పేస్తారు, తడుముకోరు. నాంపల్లి కోర్టు తీర్పులో మాత్రం జవాబు లేదు. 2007 మే 18న జరిగిన పేలుడు మీద 2018 ఏప్రిల్ 16న తీర్పు వచ్చింది. విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ నిర్దోషులుగా బయటికొచ్చారు. తొమ్మిది మంది ప్రాణాలు తీసిన పేలుడుకు ఆ తీర్పు దోషిని చూపలేకపోయింది.

దోషి దొరకని చావు చుట్టూ ఊహలు అల్లుకోవడం ఎక్కడైనా ఉన్నదే. పాతబస్తీలో అవి ఇరానీ హోటల్ కబుర్ల దగ్గర ఆగలేదు. పోలీసు జీపెక్కి కాలేజీ పిల్లల ఇళ్ళకు వెళ్ళాయి. అసలు ఒక ఊహ కేసుగా ఎలా మారుతుంది? ఆ కేసు కోర్టులో ఎందుకు కూలిపోతుంది? ఒకటి కూలితే రెండోది నిజమైపోతుందా? ఈ మూడూ కలగాపులగం చేసి మాట్లాడుకోవడం మనకు అలవాటైపోయింది.

చార్మినార్ నుంచి శాలిబండ వైపు నడుస్తుంటే కుడిచేతి వైపు మసీదు ఆవరణ వస్తుంది. లోపల పావురాల గుంపులు, నమాజుకు ముందు వజూ చేసుకునే హౌజ్. జుమా రోజు లోపల చోటు చాలనివాళ్ళు ఆవరణలోనే బారులు తీరి నిలబడతారు. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక హౌజ్ దగ్గర పైపు బాంబు పేలింది. తొమ్మిది మంది చనిపోయారు, 58 మంది గాయపడ్డారు. పేలకుండా మిగిలిన బాంబు కూడా దొరికింది. పేల్చడానికి వాడింది సెల్‌ఫోన్. అంటే బాంబు పెట్టినవాళ్ళ దాకా తీసుకెళ్ళగల వస్తువు మొదటి రోజే పోలీసుల చేతిలో పడింది: ఒక హ్యాండ్‌సెట్టు, అందులో ఒక సిమ్ కార్డు.

టీవీల్లో ఆ సాయంత్రం వినిపించింది మాత్రం సిమ్ గురించి కాదు, పేర్లు. హుజీ అనే ఉగ్రవాద సంస్థ అన్నారు, బంగ్లాదేశ్ నుంచి ఆర్డీఎక్స్ అన్నారు, మూసారాంబాగ్ నుంచి సరిహద్దు దాటి వెళ్ళిపోయిన షాహిద్ బిలాల్ సూత్రధారి అన్నారు. ఈ పేరు అప్పటికే పోలీసు ఫైళ్ళలో ఉంది, విలేకరుల నోట్లో నానుతోంది. కొత్త సంఘటనకు పాత పేరు అతికిస్తే వార్త వెంటనే తయారవుతుంది. అతనే ఆ ఏడాది కరాచీలో హతమయ్యాడని వార్తలొచ్చాయి. చనిపోయిన మనిషిని బోనెక్కించి అడిగేదేముంది? దాంతో ఆ ఊహ నిజమూ కాలేదు, అబద్ధమూ కాలేదు.

ఊహకు రెండో ఊతం ఆగస్టు 25న దొరికింది. ఆ శనివారం సాయంత్రం లుంబినీ పార్కు లేజర్ షోలో, కోఠీ గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. లేజర్ షో చూడ్డానికి కూర్చున్నవాళ్ళలో మహారాష్ట్రలోని సంగమ్‌నేర్ నుంచి టూర్‌కి వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. వాళ్ళలో ఏడుగురు తిరిగి ఇంటికి వెళ్ళలేదు. చదువుకునే పిల్లల శవాలు టీవీలో చూశాక నగరం ఆగ్రహంతో ఊగిపోయింది. ఎవరో ఒకరిని పట్టుకోవాల్సిన ఒత్తిడి పోలీసుల మీద పడింది. ఒత్తిడిలో ఉన్న మనిషి తెలిసిన దారే పడతాడు. మలక్‌పేట, సైదాబాద్, మూసారాంబాగ్ వైపు నుంచి కుర్రాళ్ళను తీసుకుపోవడం మొదలైంది. ‘ఉఠాకే లేగయే’ (ఎత్తుకుపోయారు) అన్న మాట ఆ నెలల్లో ప్రతి గల్లీలో వినపడేది. ఎక్కడికి తీసుకుపోయారో ఇంట్లోవాళ్ళకు తెలిసేది కాదు. ఊరి బయట ఫామ్‌హౌసుల్లో పెట్టి కొట్టారనీ కరెంటు షాకులిచ్చారనీ విడుదలైనవాళ్ళు చెప్పారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ జైలుకెళ్ళి వాళ్ళను కలిసి, ఆ ఆరోపణలను నివేదికలోకి ఎక్కించారు.

వాళ్ళలో యునానీ వైద్యం చదివేవాడున్నాడు, ఇంజనీరింగ్ చదివేవాడున్నాడు, రోజు కూలీకి పోయేవాళ్ళున్నారు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ కుర్రాళ్ళ మీద మక్కా మసీదు పేలుడు కేసులో చార్జిషీటు పడలేదు. వాళ్ళ మీద పెట్టినవి కుట్ర లాంటి వేరే కేసులు. పేపర్లో ‘పేలుళ్ళ నిందితులు’ అని వచ్చింది, కోర్టు కాగితాల్లో పేలుడే లేదు. ఆ కేసులూ నిలబడలేదు. ఈలోగా పరీక్షలు పోయాయి, అడ్మిషన్లు పోయాయి, పెళ్ళి సంబంధాలు వెనక్కి పోయాయి.

ఇక లుంబినీ పార్కు, గోకుల్ చాట్ కేసు ఎటు పోయిందంటే, 2008లో ముంబయి పోలీసుల అరెస్టులతో ఇండియన్ ముజాహిదీన్ పేరు బయటికొచ్చింది. పదేళ్ళ తర్వాత, 2018 సెప్టెంబరులో కోర్టు ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవం వేసింది. మరణశిక్ష పడ్డ ఇద్దరూ మహారాష్ట్రవాళ్ళు. పాతబస్తీలో జీపెక్కించిన కుర్రాళ్ళెవరూ ఆ శిక్ష పడ్డవాళ్ళలో లేరు.

మక్కా మసీదు కేసు 2007 జూన్‌లోనే సీబీఐకి వెళ్ళింది. వాళ్ళు ఫోన్, సిమ్ వెంట పోయారు. తప్పుడు పేరుతో తూర్పు రాష్ట్రాల్లో కొన్న సిమ్‌లు అవి. అదే ఏడాది అక్టోబరు 11న అజ్మీర్ దర్గాలో పేలుడు జరిగింది. రెండు చోట్లా వాడిన సామాను పోలికలు కలిశాయి. దాంతో దర్యాప్తు ఎవరూ అనుకోని వైపు, హిందుత్వ సంస్థలతో సంబంధాలున్నాయన్న మనుషుల వైపు తిరిగింది: సునీల్ జోషి, దేవేందర్ గుప్తా, లోకేశ్ శర్మ, చివరికి స్వామి అసీమానంద. సునీల్ జోషి 2007 డిసెంబరు 29న మధ్యప్రదేశ్‌లోని దేవాస్‌లో హత్యకు గురయ్యాడు. ఈ కేసులో అతని పేరు లోకానికి తెలిసే నాటికే అతను లేడు. ఇలాంటి యాదృచ్ఛికాలు చూసే కాబోలు జనం కథలు అల్లుతారు.

2010 డిసెంబరులో అసీమానంద ఢిల్లీలో మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకుంటూ వాంగ్మూలం ఇచ్చారు. చంచల్‌గూడ జైల్లో తనకు సేవ చేసిన ఒక ముస్లిం కుర్రాడు ఇదే పేలుళ్ళ వ్యవహారంలో అన్యాయంగా జైలుపాలైనవాడని తెలిసి మనసు మారిందని అందులో ఉంది. తెహల్కా పత్రిక ఆ వాంగ్మూలాన్ని బయటపెట్టింది. దేశమంతా చదివింది, చాలామంది ‘ఇక కేసు తేలిపోయినట్టే’ అనుకున్నారు. తర్వాత ఆయన దాన్ని వెనక్కి తీసుకున్నారు, ఒత్తిడి చేసి రాయించారన్నారు.

నేరం ఒప్పుకున్నాడంటే అయిపోలేదా అని మామూలుగా అడుగుతారు. అయిపోదు. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది మన దేశంలో సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్ చెప్పిందదే, 2024 జులైలో వచ్చిన కొత్త చట్టమూ అదే మాట నిలబెట్టింది. కొట్టి ఒప్పించడం పోలీసులకు ఎంత తేలికో ఆ చట్టం రాసిన తెల్లవాళ్ళకు కూడా తెలుసు. మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలం చెల్లుతుంది కానీ, స్వచ్ఛందంగా ఇచ్చిందని కోర్టుకు నమ్మకం కుదరాలి, దానికి తోడు వేరే ఆధారాలు కలవాలి. అప్పట్లో టీవీలవాళ్ళకు తెగ నచ్చిన నార్కో పరీక్షల సంగతీ అంతే. మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చెయ్యకూడదని 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ‘నార్కోలో ఫలానా పేరు చెప్పాడట’ అన్న వార్తకు కోర్టులో చిల్లిగవ్వ విలువ ఉండదు, బస్తీలో మాత్రం అది జన్మాంతం అంటుకుంటుంది.

2011 ఏప్రిల్‌లో కేసు ఎన్ఐఏ చేతికి వచ్చింది. ఒకే పేలుడు మీద స్థానిక పోలీసులు, సీబీఐ, ఎన్ఐఏ వరసగా పనిచేశారన్నమాట. చేతులు మారినప్పుడల్లా వస్తువులు, కాగితాలు, సాక్షుల జ్ఞాపకం కొంత కొంత జారిపోతాయి. 226 మంది సాక్షులను విచారించారు, వాళ్ళలో 60 మందికి పైగా అడ్డం తిరిగారు. అసీమానంద వాంగ్మూలం స్వచ్ఛందమని కోర్టు ఒప్పుకోలేదు. నేరం రుజువు కాలేదని నాలుగో అదనపు మెట్రోపాలిటన్ సెషన్స్ జడ్జి రవీందర్ రెడ్డి ఐదుగురినీ వదిలేశారు. కొద్ది గంటలకే ఆయన ఉద్యోగానికి రాజీనామా చేశారు, వ్యక్తిగత కారణాలని చెప్పారు. ఊహలకు ఇంతకన్నా పండగ ఏముంది! ఒత్తిడికి లొంగి తీర్పిచ్చారని ఒకరు, ఇష్టం లేకే వెళ్ళిపోయారని ఒకరు. ఇద్దరిలో ఎవరి దగ్గరా కాగితం ముక్క లేదు.

తీర్పు తర్వాత రెండు వైపులా తప్పు లెక్కలే వేశారు. ‘కోర్టు వదిలేసింది కాబట్టి మొదట అన్నట్టు పాకిస్తాన్ పనే’ అని ఒక లెక్క. ‘వీళ్ళే చేశారు, కేసును కావాలని నీరుగార్చారు’ అని ఇంకో లెక్క. కోర్టు చెప్పింది వీటిలో ఏదీ కాదు. తన ముందు పెట్టిన సాక్ష్యంతో ఈ ఐదుగురి మీద నేరం అనుమానానికి తావులేకుండా రుజువు కాలేదని మాత్రమే చెప్పింది. ‘మరి ఎవరు’ అన్నది ఆ కోర్టును ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పే అధికారం దానికి లేదు. ఇంకో మెలిక చూడండి: అజ్మీర్ కేసులో 2017 మార్చిలో జైపూర్ కోర్టు దేవేందర్ గుప్తాకు యావజ్జీవం వేసింది, అసీమానందను వదిలేసింది. ఏడాది తర్వాత హైదరాబాద్‌లో అదే దేవేందర్ గుప్తా నిర్దోషి. ఒకచోట దోషి అయినవాడు ఇంకోచోట కాకపోవడంలో చట్టానికి వైరుధ్యం లేదు, ఏ కేసు సాక్ష్యం ఆ కేసుదే. మనకు మాత్రం మింగుడుపడదు. అందుకే కేసును నీరుగార్చారా లేదా అని అనుమానించేవాళ్ళను నేను తప్పుపట్టను. అనుమానించడానికి కారణాలున్నాయి. 60 మందికి పైగా సాక్షులు ఎందుకు అడ్డం తిరిగారన్నది న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రశ్నను జవాబుగా వాడుకోవడం దగ్గరే పేచీ.

ఇది పాతబస్తీకో, బాంబు కేసులకో పరిమితమైన జబ్బనుకుంటే, అదే 2007 చివర్లో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో జరిగింది చూడాలి. డిసెంబరు 27న లేడీస్ హాస్టల్లో ఒక బీఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. కొద్దిరోజుల్లోనే ఊళ్ళన్నీ ఒక రాజకీయ కుటుంబం వైపు వేలు చూపించాయి. పోలీసులు 2008 ఆగస్టులో ఒక పేద యువకుణ్ణి తెచ్చి ఇతనే అన్నారు. సరిగా నడవలేని జబ్బు మనిషి. అతను కాదని చనిపోయిన అమ్మాయి తల్లే మొత్తుకుంది. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు అతనికి 14 ఏళ్ళ శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని విడిచిపెట్టి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లోనే ఉన్నాడు. 2018లో సీబీఐ విచారణకు ఆదేశించే సరికి, విజయవాడ కోర్టులో ఉండాల్సిన కేసు ఆధారాలు ధ్వంసమైపోయాయని తేలింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి మళ్ళీ పోస్ట్‌మార్టం చేయాల్సి వచ్చింది. జనం చెప్పిన పేర్లకూ రుజువు దొరకలేదు, పోలీసులు చెప్పిన పేరూ నిలవలేదు.

ఈ రెండు కేసుల్లోనూ నష్టం ఒకే రకంగా జరిగింది. హత్య కేసులో మొదటి వారాలకు మళ్ళీ దొరకని విలువ ఉంటుంది. కాల్ రికార్డులు అప్పుడే తాజాగా ఉంటాయి, సిమ్ అమ్మిన దుకాణదారుకు కొన్నవాడి ముఖం అప్పుడే గుర్తుంటుంది, చోటు చెదిరిపోకముందే నమూనాలు తీయాలి. ఆ వారాల్లో దర్యాప్తు ఒక పేరు వెంట పడితే, ఆ పేరుకు సరిపోయే ఆధారాలే వెతుకుతుంది. సరిపోనివి పక్కన పడిపోతాయి. ఏళ్ళ తర్వాత సరైన దారి దొరికినా నడవడానికి నేల మిగలదు. కాబట్టి ‘ఎవరు చేశారట’ అన్న మాట చెవిన పడ్డప్పుడు, ఆ మాట ఏ వస్తువు దగ్గర్నుంచి మొదలైందో అడిగి చూడండి. ఫోన్ నుంచా, రక్తపు మరక నుంచా, చూసిన మనిషి నుంచా? ‘వాళ్ళే అయ్యుంటారు, ఇంకెవరు’ అన్న దగ్గర్నుంచి మొదలైతే అది మన పాత కోపం తప్ప దర్యాప్తు కాదు.

పాతబస్తీ కుర్రాళ్ళకు ప్రభుత్వం తర్వాత పరిహారం ప్రకటించింది. కోర్టులో నిర్దోషులైన 20 మందికి తలా 3 లక్షలు, ప్రశ్నించి వదిలేసిన 50 మందికి తలా 20 వేలు. కిరణ్‌కుమార్ రెడ్డి హయాంలో చెక్కులతో పాటు మంచి నడవడి సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. తప్పు చేయలేదని కోర్టు చెప్పాక, మంచివాడని ప్రభుత్వ కాగితం ఎందుకు కావాల్సి వచ్చిందో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న కుర్రాణ్ణి అడగాలి. ఆ పరిహారమూ నిలవలేదు. అలా ఇచ్చే వీలు చట్టంలో లేదని 2013 సెప్టెంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

ఇన్నేళ్ళ వాదనల్లో వెనక్కి జారిపోయిన చావులు ఇంకో ఐదున్నాయి. పేలుడు జరిగిన ఆ మధ్యాహ్నమే మసీదు బయట జనం రాళ్ళు రువ్వారు, పోలీసులు కాల్పులు జరిపారు, ఐదుగురు చనిపోయారు. గుంపు అదుపు తప్పిందని పోలీసులన్నారు. దాని మీద జస్టిస్ భాస్కరరావు కమిషన్ వేశారు. ఈ ఐదుగురిని ఎవరు చంపారన్న దాంట్లో రహస్యం లేదు, సిమ్ కార్డు వెతకక్కర్లేదు, వాంగ్మూలం అక్కర్లేదు. అందుకే కాబోలు దీని మీద హోటల్లో కథలు నడవవు. కాల్చమని ఎవరన్నారు, లాఠీలతో బాష్పవాయువుతో పనయ్యేది కాదా, ఎన్ని తూటాలు వాడారు అన్న ప్రశ్నలకు ఊహ అవసరం లేదు. డ్యూటీ రిజిస్టరు, ఆయుధాల లెక్క తీస్తే చాలు.