కుక్క చెవిలో గులిమి ఏం చెబుతుంది?

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో ట్రంకు పెట్టెలు, గ్యాసు కనెక్షను, స్కూలు టీసీ గురించి మాటలు మొదలవుతాయి. కుక్క ఉన్న ఇంట్లో ఇంకో చర్చ కూడా ఉంటుంది: దాన్ని రైల్లో ఎలా తీసుకెళ్లాలి? ఫస్ట్ ఏసీ కూపేలోనా, గార్డు పెట్టెలోనా? కొత్త ఊరి గాలి దాని చెవులకు పడుతుందా అని మాత్రం ఎవరూ అడగరు. జోధ్‌పూర్ పొడి గాలిలో హాయిగా తిరిగిన లాబ్రడార్, విశాఖపట్నం తేమలోకి వచ్చిన కొన్ని నెలలకే కాలితో చెవి గోక్కోవడం మొదలుపెట్టవచ్చు. "చెవిలో మురికి చేరింది, ఇయర్ బడ్ తీసుకురా" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. అక్కడే చిక్కు వస్తుంది.

వాళ్లు మురికి అంటున్నది గులిమిని. కొందరి ఇళ్లలో గుబిలి అంటారు. అది బయటి నుంచి వచ్చింది కాదు. చెవి నాళం లోపలి చర్మంలో ఉండే చిన్న చిన్న గ్రంథులు జిడ్డును ఊరిస్తాయి. ఆ జిడ్డుతో రాలిన చర్మకణాలు కలిస్తే గులిమి తయారవుతుంది. లోపలికి వచ్చే దుమ్మును పట్టి ఆపడం, చర్మం ఎండిపోకుండా చూడడం దాని పని. ఇంకో విశేషం ఏమిటంటే, కర్ణభేరి దగ్గరి చర్మకణాలు చాలా నెమ్మదిగా బయటివైపు జరుగుతూ ఉంటాయి. గులిమి కూడా వాటితోపాటే బయటికి వస్తుంది. అంటే ఆరోగ్యంగా ఉన్న చెవి తనను తానే శుభ్రం చేసుకుంటుంది! గులిమి లేత పసుపు లేదా లేత గోధుమ రంగులో, కొద్దిగా, దుర్వాసన లేకుండా ఉంటే దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

మరి బడ్ పెడితే ఏమవుతుంది? మన చెవి నాళం ఇంచుమించు తిన్నగా ఉంటుంది. కుక్కది అలా కాదు. చెవి డొప్ప దగ్గర మొదలై ముందు కిందికి దిగి, ఆ తర్వాత తల లోపలివైపుకు మలుపు తిరుగుతుంది. ఇంగ్లీషు అక్షరం 'ఎల్' ఆకారం అనుకోండి. కర్ణభేరి ఆ మలుపుకు అవతల ఉంటుంది. బడ్‌తో తోసిన గులిమి బయటికి రాదు, మలుపులోకి పోయి గట్టిగా కూరుకుంటుంది. స్నానం చేయించినప్పుడో, చెరువులో ఈదినప్పుడో వెళ్లిన నీళ్లు నిలిచేదీ అక్కడే. దానిపై లాబ్రడార్, కాకర్ స్పానియల్ వంటి కుక్కలకు వేలాడే డొప్ప మూతలా కప్పి ఉంటుంది. చీకటి, వెచ్చదనం, తడి మూడూ కలిస్తే సూక్ష్మజీవులకు ఇంకేం కావాలి? అలాగని నిక్కపొడుచుకున్న చెవులుంటే భయం లేదనుకోకండి. జర్మన్ షెపర్డ్‌లకూ చెవి జబ్బులు వస్తాయి.

జబ్బు మొదలైనప్పుడు గులిమి రూపం మారుతుంది. ముదురు గోధుమ రంగులో జిడ్డుగా, పులిసిన వాసనతో ఉంటే తరచుగా ఈస్ట్ పెరిగిందని అర్థం. పొడిగా, నల్లగా, కాఫీ పొడిలా రాలుతుంటే చెవిలో కంటికి కనబడీ కనబడని పురుగులు ఉండవచ్చు. ఇవి కుక్కపిల్లల్లో, పిల్లుల్లో ఎక్కువ, ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకుంటాయి. పసుపు, ఆకుపచ్చ చీము కారుతుంటే బ్యాక్టీరియా పని కావచ్చు. అయితే రంగు చూసి మనమే తీర్పు చెప్పకూడదు. పశువైద్యులు కూడా కొంచెం గులిమిని గాజు పలకపై రాసి, మైక్రోస్కోపులో చూశాకే మందు రాస్తారు. ఒక్క చెవినే అకస్మాత్తుగా గోక్కుంటూ, తల విదిలిస్తూ ఉంటే లోపల గడ్డి ముల్లు గుచ్చుకుందేమో, పిడుదు పట్టిందేమో చూపించాలి.

మళ్లీ మళ్లీ వచ్చే చెవి జబ్బుకు అసలు కారణం చాలాసార్లు అలర్జీ. దుమ్ము, పుప్పొడి, తినే తిండి, ఏదైనా కావచ్చు. చెవికి మందు వేసి అలర్జీని వదిలేస్తే మందు ఆపగానే జబ్బు తిరిగొస్తుంది.

నిరుడు మిగిలిన చుక్కల మందు అల్మారాలో ఉందని వేసేయడం అన్నిటికన్నా ప్రమాదం. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే కొన్ని మందులు లోపలి చెవిలోకి చేరి వినికిడినే పోగొట్టగలవు. అందుకే డాక్టరు ముందు లైటున్న పరికరంతో కర్ణభేరిని చూస్తారు. మనుషులకు అలవాటైన వేడి నూనె కూడా పోయకండి. తల ఒక పక్కకు వాలిపోయినా, నడకలో తూలుతున్నా జబ్బు లోపలి చెవి దాకా వెళ్లిందేమోనని అనుమానించాలి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గోకీ గోకీ డొప్ప బెలూనులా ఉబ్బినా అంతే. లోపల రక్తనాళం చిట్లి రక్తం నిండిందన్నమాట.

ఇంట్లో శుభ్రం చేయమని డాక్టరు చెబితే, వారిచ్చిన ద్రావణాన్నే చెవి నిండా పోసి, చెవి మొదలు దగ్గర అర నిమిషం మెల్లగా మర్దన చేయండి. పిచిక్ పిచిక్‌మని శబ్దం వస్తుంది. తర్వాత కాస్త వెనక్కి జరగండి. కుక్క తల విదిలిస్తే గోడలూ మీ యూనిఫారమూ ఒకటే దానికి! బయటికి వచ్చినదాన్ని దూదితో, మీ వేలు సులువుగా అందే మేరకే తుడవండి. రోజూ చేస్తే చర్మం ఒరిసిపోతుంది. డాక్టరు ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లే.

బదిలీలో ఇంకో ఇబ్బంది ఉంది. వాడుతున్న మందు సామాన్ల హడావుడిలో మధ్యలో ఆగిపోతుంది. కొత్త ఊరి డాక్టరుకు పాత కథ తెలియదు. ఇది పిల్లలు చక్కగా చేయగల పని: ఒక పాత నోటుబుక్కులో ఏ నెలలో, ఏ ఊళ్లో, ఏ చెవికి జబ్బు వచ్చిందో, గులిమి ఎలా ఉందో, ఏ మందు ఎన్ని రోజులు వేశారో రాయండి. టీకాల కార్డుతో కలిపి, ట్రంకు పెట్టెలో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి.