బ్లూస్ గానము: దాని ప్రాంతీయ రీతులు

గత సంవత్సరము మన వసతిగృహమునందు ఒక శనివారము సాయంకాలమున, పై తరగతుల బాలురకు నేను అమెరికా దేశపు పాత పాటలు కొన్ని వినిపించుచుండగా, కుమారుని జూడవచ్చిన యొక పెద్దమనిషి గుమ్మముకడ నిలిచి కొంతసేపు వినెను. "మాస్టారూ, మంచి కీర్తన లిన్ని యుండగా పిల్లల కీ యేడ్పుపాట లెందులకండీ?" యని పిదప నన్నడిగెను. ఆయన కోపముతో నడుగలేదు, తెలిసికొనగోరియే యడిగెను. ఆ పూట నే నిచ్చిన సమాధానము నాకే తృప్తిగా లేకపోయెను. కావున ఇప్పుడు తీరికగా కలము పట్టి చెప్పుచున్నాను.

ఆ పాటలకు బ్లూస్ అని పేరు. ఆంగ్లమున నీలిరంగును దెలుపు మాటయే యిది; ఆ భాషలో నీలిరంగు విచారమునకు గుర్తు. ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలో ఆఫ్రికా సంతతివారి నడుమ ఈ గానము పుట్టినది. 1865వ సంవత్సరమున దాస్యము చట్టరీత్యా తొలగినది గాని, వారు దున్నిన భూమి వారిది కాలేదు. వారిలో ననేకులు దొరల తోటలలో పాలునకు ప్రత్తి సేద్యము చేయుచు, విత్తనమునకును తిండిగింజలకును ఆ దొర దుకాణముననే అప్పు వ్రాయించుకొని, సంవత్సరాంతమున లెక్క చూచుకొనినచో మరల అప్పుగానే తేలుచుండిరి. ప్రతిమాటయు పైకి చెప్పుటకు వీలులేని యట్టి బ్రతుకులో పాట యొక్కటి వారిదై నిలిచెను.

పొలములో నొకడు ఎలుగెత్తి పాడగా తక్కినవారు వంత పాడు పనిపాటలు, దేవాలయములలో పాడిన ఆత్మీయ గీతములు, ఒంటరిగా మడకవెంట నడచు రైతు గొంతెత్తి వేయు కేకలు: ఈ మూడును బ్లూసునకు మాతృకలు. మన నాట్లపాటలను, బుఱ్ఱకథలోని వంతను ఎఱిగినవారికి ఇందులో మొదటిది క్రొత్త గాదు.

డబ్ల్యు. సి. హాండీ యను బ్యాండు నాయకుడు 1903 ప్రాంతమున మిసిసిపీ రాష్ట్రములోని టట్‌వైలర్ అను చిన్న రైలుస్టేషనులో రాత్రివేళ బండికొఱకు కాచికొని నిదురించుచుండెనట. చినిగిన బట్టలతో నున్న యొక నల్లజాతి మనుష్యుడు ప్రక్కన కూర్చుండి, గిటారు తంత్రులపై కత్తి నొరయించుచు, ఒకే పంక్తిని మరల మరల పాడుచుండెను. తాను వినినవానిలో నంతటి విచిత్ర సంగీతము లేదని హాండీ తన స్వీయచరిత్రలో వ్రాసెను. ఆయన తండ్రి బోధకుడు. బాలుడైన హాండీ గిటారు కొని తేగా దానిని దుకాణమున తిరిగి యిప్పించి, బదులుగా నిఘంటువును కొనిపించినవాడు. ఆ కుమారుడే 1912లో మెంఫిస్ బ్లూసును, 1914లో సెయింట్ లూయీ బ్లూసును అచ్చువేయించి ఈ గానమును లోకమునకు దెలిపెను. నిఘంటువు కొనిపించుటను నేను తప్పుపట్టను. గిటారు తిరిగి యిప్పించుటయే నాకు నచ్చలేదు.

రీతులను గుఱించి చెప్పుటకు ముందు దీని కట్టడమును కొంచెము వివరింపవలెను. సాధారణముగా నొక్కొక్క చరణమునకు పండ్రెండు బార్లు. ఒక్కొక్క బారునకు నాలుగు మాత్రలు. మొదటి నాలుగు బార్లలో ఒక పంక్తిని పాడుదురు. రెండవ నాలుగింట ఆ పంక్తినే మరల పాడుదురు. కడపటి నాలుగింట దానికి జవాబైన క్రొత్త పంక్తి వచ్చును. పాడునది ప్రతిచోటను సగముదూరమే. మిగిలిన సగమును వాద్యమునకు విడుతురు. అది గాయకునకు వంత పలుకును. రెండవమారు పాడుట వట్టి పునరుక్తియని మీరనుకొనవచ్చును. కాని మొదట షడ్జముపై నిలిచిన శ్రుతి రెండవ పంక్తికి మధ్యమముమీదికి జరుగును. మూడవ పంక్తికి పంచమము నెక్కి, మధ్యమముమీదుగా షడ్జమునకు దిగివచ్చును. మాటలు మాఱవు, వానిక్రింది నేల మాఱును. ఆ మాటలకే మఱియొక భావము కలుగును.

ఇక స్వరములు. మన సాధారణ గాంధారమునకును అంతర గాంధారమునకును నడుమ నొక చోటు గలదు; కైశికి కాకలి నిషాదముల నడుమను అట్టిదే యింకొకటి. బ్లూస్ గాయకుని గొంతు ఆ యెడములలో నూగుచుండును. పియానోలో నా మెట్లు లేవు. కావున దానిని వాయించువారు ప్రక్కప్రక్కనున్న రెండు మెట్లను కలిపి నొక్కి ఆ భ్రమను కల్పింతురు. హార్మోనియముతో కుస్తీపట్టిన మన సంగీతపు తరగతివారికి ఈ చిక్కు నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

మొదట మిసిసిపీ డెల్టా. గోదావరీ కృష్ణా డెల్టాలను చూచిన మనకు ఆ మాట వినగానే సముద్రము తోచును. ఇది సముద్రమునకు చాల దూరము. మిసిసిపీ, యాజూ నదుల నడుమ వండలి పేరుకొనిన నల్లరేగడి పల్లపునేల. 1927లో ఆ నది గట్లు తెగి ఆ సీమ నంతయు ముంచగా, డాకరీ తోటలో పెరిగిన చార్లీ పాటన్ రెండేండ్లకు ఆ వఱదపైనే పాటకట్టి రికార్డు చేసెను. డెల్టా రీతిలో అలంకారములు తక్కువ. గొంతు బొంగురుగ, నేలను గ్రుద్దినట్లుండును. లయ కాలితో నేలపై తట్టినదే. సీసామెడ ముక్కను వ్రేలికి తొడిగికొని తంత్రులపై జార్చుదురు. కొయ్యను జార్చి పలికించు మన గోటువాద్యమును వినినవారు దీని నాదమును ఊహించుకొనగలరు. మీటుటలో మాత్రము దీనికా సౌకుమార్యము లేదు.

సన్ హౌస్ అను నాతడు యౌవనమున బోధకుడై యుండి, పిదప గిటారు పట్టి, జీవితాంతము రెంటి నడుమను నలిగినవాడు. ఆయన పాట వినునపుడు ప్రసంగము వినుచున్నట్లే యుండును. చాల యేండ్లు లోకము ఆయనను మఱచిపోగా, 1964లో కొందఱు యువకులు న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరు పట్టణమున వెదకి పట్టుకొనిరి. రాబర్ట్ జాన్సన్‌ను గుఱించి నాలుగుదారుల కూడలిలో సైతానునకు ఆత్మ నమ్మి విద్య సంపాదించెనని కథ చెప్పుదురు. బాలురకు ఈ కథ మిక్కిలి ప్రియము. నాకు లేదు. మొదట సరిగా వాయింపలేక నవ్వులపాలైన యా యువకుడు కొంతకాలము ఎటో పోయి ఘనుడై తిరిగివచ్చెనని సన్ హౌసే చెప్పినాడు, అది సాధన. కష్టపడినవాని కీర్తిని సైతానున కేల కట్టబెట్టవలెను? 1936లో సాన్ ఆంటోనియోలోను, 1937లో డాలసులోను ఆతడు రికార్డు చేసిన పాటలు 29. 1938లో ఇరువదియేడేండ్ల ప్రాయమున మరణించెను.

టెక్సాసు విశాలమైన సీమ. ఆచ్చటి పాటయు అట్లే తెఱపి గలది. బ్లైండ్ లెమన్ జెఫర్సన్ 1926 నుండి రికార్డులు చేసెను. గొంతు ఎత్తున పలుకును. పంక్తి ముగియగానే తాళమును విడిచి గిటారుతో నెటో సంచారము చేసి తిరిగివచ్చును. ఆయనతో కూడి వాయించుట కష్టమని తోచును. తరువాతి కాలమున విద్యుద్గిటారును తీర్చిదిద్దిన టీ-బోన్ వాకరును ఆ రాష్ట్రమువాడే. కాని టెక్సాసు పేరు వినగానే నాకు బ్లైండ్ విల్లీ జాన్సన్ గుర్తునకు వచ్చును. ఆయన పాడినవి దైవగీతములే. పట్టిన పద్ధతి మాత్రము అచ్చముగా బ్లూసుదే. 1927 డిసెంబరు 3వ తేదీన డాలసులో రికార్డు చేసిన 'డార్క్ వాజ్ ద నైట్' అను దానికి గెత్సేమనే తోటను గుఱించిన యొక పాత ఆంగ్ల కీర్తన ఆధారము. అందులో మాటలు లేవు. గిటారుపై జారెడు ధ్వనియు, దానిననుసరించు మూలుగును తప్ప మఱేమియు లేదు. 1977లో వాయేజరు నౌకలపై అంతరిక్షమునకు పంపిన బంగారుపూత రికార్డులో ఈ పాటను చేర్చిరి. అందులోనే మన దేశపు కేసర్‌బాయీ కేర్కర్ భైరవియు నున్నది. ఆ నౌకలు రెండును సూర్యమండలపు వాయువుల హద్దు దాటి, ఒకటి 2012లోను రెండవది 2018లోను నక్షత్రముల నడుమనున్న బయలు చేరినవి. పాడిన యా గ్రుడ్డివాడు 1945లో బీదతనముననే మృతినొందెను.

ఇందఱు అంధు లేల యని బాలు రడిగిరి. చూపులేనివానికి పొలమున కూలి దొఱకదు. వీధిమూలను గిటారును, ఒక రేకుడబ్బాయును అతనికి జీవనాధారములయ్యెను.

తూర్పుతీరమున జార్జియా, కరొలినాలు, వర్జీనియా రాష్ట్రములలో కొండలకును తీరపు మైదానమునకును నడుమనున్న మెఱకసీమను పీడ్‌మాంట్ అందురు. రీతులన్నిటిలో నా ప్రీతి దీనిమీద. మన గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులు బ్యారన్లలో కాల్చు వర్జీనియా పొగాకునకు ఆ పేరు అటువైపునుండి వచ్చినదే. శరదృతువున రైతులు డర్హం పట్టణమునకు పొగాకు తెచ్చి వేలమున నమ్మి, చేతిలో నాలుగు డబ్బులతో బయటికి రాగానే, గిడ్డంగుల వాకిట బ్లైండ్ బాయ్ ఫుల్లరు, రెవరెండ్ గారీ డేవిసు మొదలగువారు వాయించుచుండెడివారు. బొటనవ్రేలు మందరస్వరములను ఒకటి విడిచి యొకటిగా తప్పక నడపుచుండగా, తక్కిన వ్రేళ్లు పైతంత్రులపై పాటను పలికించును. ఒక్కరు వాయించుచున్నను ఇద్దఱు వాయించినట్లు తోచును. డెల్టా పాట గుండెపై చేయివైచి నిలబెట్టును. ఇది చేయిపట్టుకొని నడిపించుకొని పోవును.

ఎలిజబెత్ కాటెన్ ఈ రీతికి చెందినది. ఉత్తర కరొలినాలో జన్మించి, చిన్నతనముననే ఇండ్లలో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో గిటారు కొనెను. ఆమెది ఎడమచేతివాటము. తంత్రులు మార్చుకొనక గిటారునే త్రిప్పి పట్టుకొనుటచే, మందరమును వ్రేళ్లతోను, పాటను బొటనవ్రేలితోను వాయింపవలసివచ్చెను. ఎవరును నేర్పలేదు. పండ్రెండేండ్లు నిండీ నిండకమునుపే కూడ్సుబండిపై 'ఫ్రైట్ ట్రెయిన్' అను పాట కట్టెను. లోకసంబంధమైన పాటలు తగవని సంఘపెద్దలు చెప్పగా పిదప గిటారు విడిచి, పెండ్లి, బిడ్డ, కూలిపని, వీనితో దశాబ్దములు గడపెను. వాషింగ్టను నగరమున నొక పెద్ద దుకాణమున పనిచేయుచుండగా తప్పిపోయిన బాలిక నొకతెను తల్లికి అప్పగించెను. ఆ తల్లి సంగీతవిద్వాంసురాలైన రూత్ క్రాఫర్డ్ సీగరు. ఆమె కాటెన్‌ను తన యింట పనికి కుదుర్చుకొనగా, ఆ యింటి గోడకు వ్రేలాడు గిటారును పనిమనిషి తీసి వాయించుట పిల్లలు విని విస్తుపోయిరి. 1958లో, అఱువదియేండ్లు దాటిన పిమ్మట, మొదటి రికార్డు వెలువడెను. 1985లో, తొంబదియేండ్లు దాటిన పిమ్మట, గ్రామీ బహుమానము వచ్చెను. ఆమె వాయించునది వినుడు: తొందర యెక్కడను లేదు. అన్ని యేండ్లు ఆ చేతులలో నది యెట్లు దాగియుండెనో నాకు తెలియదు.

మెంఫిసు నగరమున జాడీలలో నూదుచు మందరనాదము పుట్టించు వినోదపు మేళములు వెలసెను. అవి నవ్వుపుట్టించును, పెళ్లివిందునకు తగును. 1920లో మేమీ స్మిత్ 'క్రేజీ బ్లూస్' విరివిగా నమ్ముడుపోయిన తరువాత బెస్సీ స్మిత్ మొదలగు స్త్రీలు నాటకశాలలలో బ్యాండుతో పాడిన నగరరీతియు నొకటి గలదు. బెస్సీ గంభీరకంఠమునకు సాటి లేదు.

చికాగోను మాత్రము విడువరాదు. 1910వ దశకము మొదలు 1970 వఱకు సుమారు అఱువది లక్షల నల్లజాతివారు దక్షిణమును విడిచి ఉత్తర పశ్చిమములకు తరలిపోయిరి. మిసిసిపీవారిని ఇల్లినాయ్ సెంట్రల్ రైలుమార్గము నేరుగా చికాగో చేర్చెను. మడ్డీ వాటర్స్ అను నాతడు 1943లో నట్లు పోయినవాడే. రెండేండ్లకు ముందు ఆలన్ లోమాక్స్ అను సంగ్రాహకుడు ప్రత్తితోటలో నాతని గుడిసెకు వచ్చి పాట రికార్డు చేసికొనెను. తన గొంతును తాను వినిననాడే తనవలన నిది యగునని యాతనికి నమ్మకము కలిగినదట. చికాగో కల్లుదుకాణముల రొదలో వట్టి గిటారు ఎవనికి వినబడును? అందులకే విద్యుద్గిటారు పట్టెను. లిటిల్ వాల్టర్ చిన్న మౌత్ ఆర్గనును, మైకును దోసిట కలిపి మూసి యూదగా అది బాకావలె మ్రోగెను. డెల్టా పాటయే అది, యంత్రముల నడుమ బ్రతుకుటకు గొంతు పెంచుకొనినది. అనంతరము సముద్రమునకావల ఇంగ్లండు యువకులు దీనిని పట్టుకొనిరి. రోలింగ్ స్టోన్స్ అను మేళపు పేరు మడ్డీ వాటర్స్ 1950 నాటి పాటనుండి గైకొనినదే. గిటారుపై క్షణమునకు పది స్వరముల చొప్పున కురిపించు తరువాతివారు నాకంతగా రుచింపరు. బ్లూసులో విడిచిన చోటికే విలువ యెక్కువ.

ఆ పెద్దమనిషి ప్రశ్నకు థామస్ డోర్సీ జీవితమే జవాబుగా నాకు తోచుచున్నది. ఆయన జార్జియాలో నొక బోధకుని కుమారుడు. జార్జియా టామ్ అను పేరున సరసమైన బ్లూసు పాటలకు పియానో వాయించి పేరొందినవాడు. 1932లో ఆయన వేఱొక నగరమున కూటములలో పాడుచుండగా, చికాగోలో భార్య ప్రసవమున మరణించెను. శిశువును వెంటనే పోయెను. ఆ దుఃఖమున ఆయన యొక పాత కీర్తన రాగమునకు క్రొత్తమాటలు కూర్చి, 'టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్' అను పాట వ్రాసెను. మార్టిన్ లూథర్ కింగ్‌గారికి ప్రియమైనది. 1968లో ఆయన అంత్యక్రియలయందు మహాలియా జాక్సన్ దీనినే పాడెను. అందులో గొంతు జారెడు తీరు, నిట్టూర్పునకు విడిచిన యెడము, డోర్సీ పూర్వజీవితమున నేర్చినవే. మొదట ననేక సంఘములవారు ఆయన పాటలను గుడిలోనికి రానీయలేదు. ఇప్పుడవి పాడని నల్లజాతి సంఘము అరుదు.

ఈ సంవత్సరమును శనివారపు కూటము జరుగును. ముందు కాటెన్, తరువాత విల్లీ జాన్సన్, పిదప మడ్డీ వాటర్స్, కడపట డోర్సీ గీతము వినిపింపదలచినాను. ఆ పెద్దమనిషికి కూడ రమ్మని కుమారునిచేత కబురంపితిని.