మోటారు సైకిలు మీద మంచుకొండలకు

పిల్లలూ, ఎడ్లబండికి ధాన్యం బస్తాలు ఎత్తుతుంటే మీరెప్పుడైనా చూశారా? ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చాయి గనక మీలో చాలామంది చూసి ఉండరు. మీ తాతగారినో, అమ్మమ్మగారినో అడిగితే చెబుతారు. బండివాడు బస్తాలను ఇష్టం వచ్చినట్టు వెయ్యడు. బరువు ముందుకు పడితే కాడి ఎడ్ల మెడల మీద అణిగి, అవి అడుగు తియ్యలేవు. వెనక్కి పడితే కాడి పైకి లేచి వాటి గొంతు బిగుసుకుంటుంది. అంచేత అతను ఇరుసుకు ముందు కొంతా, వెనక కొంతా సర్ది, కాడిని ఒకసారి చేత్తో ఎత్తి చూసి, తృప్తి కలిగాకనే ఎడ్లను కడతాడు.

మోటారు సైకిలు మీద దూరప్రయాణం చెయ్యదలచినవాడు మొదట నేర్చుకోవలసిన విద్య కూడా ఇదే.

ఈ మధ్య యువకులకు "అడ్వెంచర్ బైకు" అనే ఒక రకం బండి మీద మోజు పెరిగింది. ఇది మామూలు మోటారు సైకిలు కన్నా ఎత్తుగా ఉంటుంది. రోడ్డు లేనిచోట కూడా పోతుంది. మన దేశంలో తయారయ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్ ఈ జాతిదే. ఆ కంపెనీ పుట్టినది ఇంగ్లండులో. 1955లో మద్రాసులో మన సైన్యం కోసం బండ్లు తయారు చెయ్యడం ప్రారంభించారు. ఇంగ్లండులోని ఫ్యాక్టరీ తరవాత మూతపడింది గాని, మద్రాసులో మొదలైనది మాత్రం నిలిచింది. వాళ్ల మొదటి హిమాలయన్ 2016లోనూ, 452 సి.సి. ఇంజనుతో కొత్త హిమాలయన్ 2023 చివరలోనూ వచ్చాయి.

కొత్త బండి ముందు చక్రం 21 అంగుళాలది, వెనకది 17 అంగుళాలది. ముందుదెందుకు పెద్దదంటారా? చక్రాలున్న సూటుకేసును గతుకుల రోడ్డు మీద లాగి చూడండి. ప్రతి చిన్న రాయీ దాన్ని ఆపేస్తుంది. అదే రాయి మీదుగా సైకిలు సులువుగా దొర్లిపోతుంది. చక్రం పెద్దదైనకొద్దీ గుంట దానికి చిన్నదవుతుందన్నమాట. ఇంజను అడుగుకూ నేలకూ మధ్య 230 మిల్లీమీటర్ల జాగా, అంటే జానెడు, ఉంటుంది. చక్రాలు పైకీ కిందికీ 200 మిల్లీమీటర్లు ఆడతాయి.

2024 జూన్‌లో మా అమ్మాయీ, అల్లుడూ ఈ బండి ఒకటి కొత్తది కొని, దాని మీద హైదరాబాదు నుంచి లడఖ్‌లోని లేహ్‌కు పోతామన్నారు. మా ఆవిడ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను మటుకు బండితో ఇచ్చిన పుస్తకం అడిగి తీసుకున్నాను. అందులో నాకు కావలసిన అంకెలు రెండే. పెట్రోలుతో సహా బండి బరువు 196 కిలోలు. మనుషులూ సామానూ అన్నీ కలిపి మొత్తం 394 కిలోలు దాటరాదు. అంటే దాని మీద ఎక్కించదగినది 198 కిలోలు.

"అంత బరువు మేమెక్కడ ఉన్నాం నాన్నా!" అని నవ్వింది అమ్మాయి.

సరే, తూచి చూద్దామన్నాను. వీధి చివర కిరాణా కొట్టువాడు కాటా అరువిచ్చాడు. అల్లుడు 76 కిలోలు, అమ్మాయి 57. ఇద్దరి హెల్మెట్లూ, దెబ్బ తగలకుండా మెత్తలు కుట్టిన కోట్లూ, బూట్లూ కలిసి 15. సామాను పెట్టుకునే రెండు రేకు పెట్టెలూ, వాటిని తగిలించే కమ్మీలూ ఖాళీగానే 16 ఉన్నాయి. అప్పుడే 164 అయింది. మిగిలినవి 34 కిలోలు. వాళ్లు ప్రయాణానికని పోగు చేసినది 47 కిలోలు!

ఆ సాయంత్రం పదమూడు కిలోలు తగ్గించడానికి జరిగిన చర్చ శాసనసభలో కూడా జరిగి ఉండదు. దారిలో బసలు దొరుకుతాయి గనక గుడారం అక్కర్లేదని తేలింది. అల్లుడి లాప్‌టాపు, రెండో జత బూట్లు, అమ్మాయి తీసుకున్న నాలుగు లావు పుస్తకాలు పోయినాయి. చివరకు మా ఆవిడ పెట్టిన ఆవకాయ జాడీ దగ్గర అందరూ ఆగిపోయారు. జాడీతో సహా అది నాలుగు కిలోలుంది. "అంత దూరం పోయి చప్పిడి కూడు తింటారా?" అన్నది ఆమె. జాడీ ఇంట్లో ఉండిపోయింది. పావు కిలో కారప్పొడి పొట్లం వెళ్లింది. వానకోట్లు, ఉన్నిబట్టలు, మందుల పెట్టె, రెండు ట్యూబులు, గాలికొట్టే పంపు, క్లచ్చి తీగ ఒకటి, నాలుగు లీటర్ల పెట్రోలు డబ్బా - వీటి జోలికి ఎవరూ పోలేదు.

ఎంత బరువన్నది తేలాక, ఎక్కడ అన్న ప్రశ్న వస్తుంది. ఈ బండి రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం సుమారు 151 సెంటీమీటర్లు. వెనక ఇరుసుకు 30 సెంటీమీటర్లు అవతల పది కిలోల పెట్టె కట్టామనుకోండి. ఉయ్యాల బల్లకు మల్లే వెనక ఇరుసు మీద బండి తూగుతుంది. పదిని ముప్ఫైతో గుణించి 151తో భాగించండి: దాదాపు రెండు. అంటే ముందు చక్రం మీద రెండు కిలోల బరువు తగ్గింది. వెనక చక్రం మీద పెరిగినది పది కాదు, పన్నెండు. వెనక కూర్చున్న మనిషి బరువు కూడా చాలామటుకు వెనక చక్రం మీదనే పడుతుంది గదా. ముందు చక్రం తేలిక అయితే అది నేలను గట్టిగా పట్టదు. మలుపులో హాండిలు చెప్పిన మాట వినదు. అందుకే బరువైన పనిముట్లు పెట్టెల అడుగున, బండి మధ్యకు దగ్గరగా పెట్టాలి. పైన కట్టే సంచిలో దుప్పట్లవంటి తేలిక వస్తువులుండాలి. కుడి పెట్టె, ఎడమ పెట్టె కావడి కుండల్లా సమంగా తూగాలి.

ఇంకో చిత్రం ఉన్నది. వెనక బరువు పెరిగి స్ప్రింగు అణిగితే బండి తోక దిగి ముక్కు లేస్తుంది. అప్పుడు ముందు దీపం రోడ్డు మీద పడక, ఎదురుగా వచ్చే డ్రైవరు కళ్లలో పడుతుంది. వెనక స్ప్రింగును ముందుగానే బిగించుకోవడానికి ఏర్పాటున్నది. అల్లుడు దాన్ని బిగించి, ఇద్దరూ ఎక్కి కూర్చున్నాక దీపం వెలుతురు గోడ మీద ఎక్కడ పడుతున్నదో నా చేత సుద్దముక్కతో గీత గీయించాడు. ఇద్దరు ఎక్కితే టైర్లలో గాలి ఎంత ఉండాలో కూడా పుస్తకంలో వేరుగా ఉంటుంది.

బండి కొత్తది గనక వెంటనే బయలుదేరలేదు. కొత్త ఇంజనులో పిస్టను రింగులూ, అవి తిరుగాడే సిలిండరు గోడా ఒకదానికొకటి అలవాటు పడాలి. మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా, వేగం మారుస్తూ నడిపి, సర్వీసింగు చేయించి పాత నూనె తీయించారు. కొత్త గొలుసు కొంచెం సాగుతుంది; దాన్ని బిగించారు. కొత్త టైర్లు కూడా మొదట్లో నున్నగా జారుతుంటాయి.

ఇక వెనక కూర్చునే మనిషి సంగతి. సామానుకూ మనిషికీ పెద్ద తేడా ఏమంటే, సామాను కదలదు, మనిషి కదులుతాడు. మలుపులో బండి ఒరిగినప్పుడు భయపడి రెండోవైపుకు వంగితే బండి మలుపు తిరగక నేరుగా పోతుంది. నడిపేవాడి భుజం మీదుగా, మలుపు ఉన్న వైపే చూస్తూ అతనితోపాటు ఒరగాలి. మా అమ్మాయి ఇది నేర్చుకోవడానికి నాలుగు ఆదివారాలు అనంతగిరి కొండలకు పోయి వచ్చింది.

ఇద్దరు ఆడవాళ్లు వంద సంవత్సరాల కిందటే ఇటువంటి ప్రయాణం చేశారంటే నమ్ముతారా? 1915లో ఎఫీ హాచ్‌కిస్ అనే అమెరికన్ యువతి కొత్త హార్లీ-డేవిడ్‌సన్ మోటారు సైకిలుకు సైడుకారు తగిలించి, అందులో వాళ్లమ్మ ఏవిస్‌ను కూర్చోబెట్టుకుని, న్యూయార్కులోని బ్రూక్లిన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా పోయింది. దారిలో ట్యూబులు అయిపోతే దుప్పటిని చుట్టి టైరులో కూరి నడిపింది. అట్లాంటిక్ సముద్రపు నీళ్లు ఒక సీసాలో తీసుకుపోయి పసిఫిక్ సముద్రంలో పోసింది. సైడుకారు ఉంటే మూడు చక్రాలు గనక బండి పడిపోదు. రెండు చక్రాల బండికి ఆ ధైర్యం లేదు.

హైదరాబాదు నుంచి నాగపూరు, ఝాన్సీ, ఢిల్లీ, అంబాలా మీదుగా పోయే 44వ నెంబరు జాతీయ రహదారిలో చెప్పుకోదగినది ఎండ ఒక్కటే. తెల్లవారుజామున బయలుదేరి పది గంటలకల్లా ఏదో ఒక నీడ చేరేవారట. అసలు కథ మనాలి దాటాక మొదలవుతుంది. అక్కడ పర్వతం కింద తొమ్మిది కిలోమీటర్ల పొడవున అటల్ సొరంగం ఉన్నది. 2020లో అది తెరవకముందు అందరూ రోహ్తాంగ్ కనమ ఎక్కి దిగవలసి వచ్చేది.

సొరంగం దాటి కొంత దూరం పోతే టాండీ వస్తుంది. అక్కడి పెట్రోలు బంకు దగ్గర చాలా సంవత్సరాలు ఒక బోర్డు ప్రసిద్ధంగా ఉండేది: తరవాతి బంకు 365 కిలోమీటర్ల దూరాన! హిమాలయన్ టాంకులో 17 లీటర్లు పడుతుంది. ఇద్దరితో, సామానుతో కొండ ఎక్కేటప్పుడు లీటరుకు పాతిక కిలోమీటర్లు వస్తాయనుకుంటే 425. చాలుతుంది. కాని ఎదర కొండచరియ విరిగి సగం దారిలో వెనక్కి తిరగవలసి వస్తే? డబ్బాలోని నాలుగు లీటర్లు దానికి. ఆ డబ్బాను మూతి దాకా నింపరాదు. ఎత్తుకు పోయినకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి లోపలి పెట్రోలు ఆవిరి ఉబ్బుతుంది. బారాలాచా కనమ మీద, అంటే సుమారు 4,900 మీటర్ల ఎత్తున, అమ్మాయి సంచిలోని చిప్సు పొట్లం బుంగమూతి పెట్టినట్టు ఉబ్బిపోయిందట.

అంత ఎత్తున ఇంజనుకూ ఊపిరాడదు. 5,300 మీటర్లకు పైనున్న తాంగ్లాంగ్‌లా కనమ మీద గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో దాదాపు సగమే. ఇంజను పీల్చే ప్రాణవాయువు తగ్గితే దాని బలం కూడా ఆ మేరకు తగ్గుతుంది. గాలి ఎంత ఉన్నదో కొలిచి పెట్రోలు అంతే వదిలే ఏర్పాటు ఈ బండిలో ఉన్నది గనక అది ఉక్కిరిబిక్కిరి కాదు. మనుషులకు అటువంటి ఏర్పాటు లేదు. తలనొప్పి, వాంతి, ఆయాసం వస్తాయి. లక్ష్యపెట్టకపోతే ప్రాణం మీదికే రావచ్చు. మూడు వేల మీటర్లు దాటాక రోజుకు ఐదు వందల మీటర్లకన్నా ఎక్కువ ఎత్తుకు పోయి నిద్రించవద్దని వైద్యులు చెబుతారు. దారిలో సర్చూ అనే మజిలీ 4,290 మీటర్ల మీద ఉన్నది. మావాళ్లు అక్కడ పడుకోలేదు. 3,200 మీటర్ల ఎత్తున్న జిస్పాలో రెండు రాత్రులు ఆగి, మూడోనాడు తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరారు. కనమలన్నీ పగలే దాటి 3,500 మీటర్ల మీదనున్న లేహ్‌లో నిద్రపోవాలని వారి ఆలోచన.

పెందలాడే బయలుదేరడంలో ఇంకో లాభం కలిగింది. ఆ రోడ్డుకు అడ్డంగా కొన్నిచోట్ల వాగులు పారుతాయి. అవి కరిగిన మంచునీళ్లు. రాత్రి చలికి మంచు కరగదు గనక పొద్దున వాగు సన్నగా ఉంటుంది. ఎండెక్కినకొద్దీ నీరు పెరిగి మధ్యాహ్నానికి బండ్లను తోసేస్తుంది. వీళ్లు పోయేసరికి నీళ్లు మోకాటి కిందికే ఉన్నాయి. అమ్మాయి దిగిపోయి, రాళ్ల మీదుగా నడిచి దాటింది. వెనక 57 కిలోలు ఒక్కసారిగా తగ్గేసరికి బండి ముక్కు కిందికి దిగి, ముందు చక్రం రాళ్లను పట్టుకున్నది. నడవగలిగిన సామాను అంటే ఇదే!

గాటా లూప్స్ అనేచోట ఇరవై ఒక్క మలుపులు ఒకదానిపై ఒకటి పేర్చినట్టుంటాయి. అవి ఎక్కి, మరి రెండు కనమలు దాటి, మోరే మైదానంలో పోతుండగా ఇద్దరు కుర్రవాళ్లు టాంకు ఖాళీ అయిన బండిని తోసుకుంటూ కనిపించారు. మావాళ్లు డబ్బాలోంచి రెండు లీటర్లు పోసి ఇచ్చారు.

తాంగ్లాంగ్‌లా దిగేటప్పుడు అల్లుడు చాలా జాగ్రత్త పడ్డాడు. అతనొక్కడే ఉంటే బండితో కలిసి 272 కిలోలు, ఇప్పుడు 394. బ్రేకులు ఆపవలసిన శక్తి ఒకటిన్నర రెట్లకు దగ్గరగా పెరిగింది. వేగం సంగతి ఇంకా భయంకరం: గంటకు 40 నుంచి 60కి పెంచితే ఆ శక్తి రెండుంపావు రెట్లవుతుంది. ఆ శక్తంతా బ్రేకు డిస్కులో వేడిగా మారాలి. దిగువ దారిలో బ్రేకు పట్టుకునే ఉంటే వేడికి బ్రేకు నూనె మరిగి బుడగలు పుడతాయి. అప్పుడు ఎంత నొక్కినా బ్రేకు పట్టదు. అందుకని అతను రెండో గేరులోకి దించాడు. పెట్రోలు అందని ఇంజనే బండిని వెనక్కి పట్టుకుని మెల్లగా దించింది. మలుపుల దగ్గర మాత్రం బ్రేకు నొక్కి వదిలాడు.

సాయంత్రం ఐదు దాటాక కారూ అనే ఊరు వచ్చింది. లేహ్ అక్కడికి 35 కిలోమీటర్లు. కారూలో బంకు ఉన్నది. టాండీలో నిండా పోయించిన టాంకులో ఇప్పుడు 13 లీటర్ల 200 మిల్లీలీటర్లు పట్టింది. డబ్బాలో రెండు లీటర్లు అలాగే ఉన్నాయి. టాండీ నుంచి కారూకు 330 కిలోమీటర్లు. లీటరుకు ఎంత వచ్చినట్టు? కాగితం తీసుకుని కట్టి చూడండి.