ధ్యానం సరే.. డ్యూటీ దిగేదెప్పుడు?

పోయిన నెల ఓపీకి ఒకాయన వచ్చారు. నలభై రెండేళ్లు. ప్రైవేటు బ్యాంకులో లోన్ల విభాగంలో ఉద్యోగం. బీపీ చూస్తే 160/100. ఏడాదిగా వేసుకుంటున్న మాత్రను నెల కిందటే మానేశానన్నారు. ఎందుకని అడిగితే ఫోన్ తీసి చూపించారు. ఆఫీసువాళ్లు సిబ్బంది అందరికీ ధ్యానం యాప్ ఇచ్చారట. రోజూ పది నిమిషాలు చేస్తున్నారట. "మనసు ప్రశాంతంగా ఉంటోంది సార్, ఇంక మాత్ర ఎందుకని..." అంటుండగానే అదే ఫోన్ మోగింది. టార్గెట్ గురించి. బయటికి వెళ్లి మాట్లాడి వచ్చారు. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూశాను. 168/104.

ఆయన ధ్యానం చేయడంలో తప్పు లేదు. మాత్రకు బదులుగా చేయడంతోనే చిక్కు. గుండెజబ్బుల ముప్పు తగ్గించుకోవడానికి ధ్యానాన్ని మందులకూ నడకకూ ఆహార నియమాలకూ తోడుగా పరిశీలించవచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో చెప్పింది. తోడుగా మాత్రమే. అందుకే మాత్ర మళ్లీ మొదలుపెట్టించాను. యాప్ మానమనలేదు. చీటీ మీద మందు పేరు కింద ఇంకో ముక్క కూడా రాసిచ్చాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు ఐటీ కంపెనీల నుంచి బ్యాంకుల దాకా 'మైండ్‌ఫుల్‌నెస్' అంటున్నది బౌద్ధంలోని 'సతి'. పాళీ మాట, మన 'స్మృతి'కి చుట్టం. ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని ఎరుకతో గమనించడం దాని సారం. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబట్-జిన్ దీన్ని మతపరమైన మాటలు లేకుండా, దీర్ఘకాలపు నొప్పులతో బాధపడేవారికి ఎనిమిది వారాల శిక్షణగా మలిచారు. వారానికి రెండున్నర గంటల తరగతి, ఇంటి దగ్గర రోజూ 45 నిమిషాల సాధన. యాప్‌లో మనం చేసే పది నిమిషాలకూ దీనికీ ఉన్న దూరం గమనించారు కదా?

ఆఫీసులో ధ్యానం అనేది అమెరికావాళ్లకు పుట్టిన ఆలోచనేమీ కాదు. బర్మాకు స్వాతంత్ర్యం వచ్చాక అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన ఊ బా ఖిన్ 1950ల మొదట్లోనే రంగూన్‌లో తన కార్యాలయ సిబ్బందికి విపశ్యన నేర్పారు. పద్దులు చూసుకునే గుమాస్తాలకు! 1955లో ఆయన దగ్గర చేరినవారే ఎస్.ఎన్.గోయెంకా. మాండలేలో పుట్టిన వ్యాపారి. మార్ఫిన్ ఇంజక్షన్ పడితే తప్ప తగ్గని మైగ్రేన్ ఆయనది. ఆ తలనొప్పి తగ్గించుకోవడానికే వస్తానంటే గురువు ఒప్పుకోలేదట. మనసును శుద్ధి చేసుకోవడానికైతే రమ్మన్నారట. గోయెంకా 1969లో భారత్ వచ్చి శిబిరాలు మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త కేంద్రం 1976 నాటిది. పది రోజులు మౌనం, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, ఫీజు లేదు. ఫోన్ మాత్రం మొదటి రోజే ఇచ్చేయాలి. నా పేషెంట్లు కొందరికి నాలుగింటికి లేవడం కన్నా ఇదే కష్టంగా తోచింది.

వైద్యపరంగా ఫలితం ఉందా అంటే, ఉంది. 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రిక 47 పరీక్షల ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణ ప్రచురించింది. ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఒక మోస్తరుగా తగ్గుతున్నాయని తేలింది. మందుల కన్నా, వ్యాయామం కన్నా మెరుగని మాత్రం తేలలేదు. తర్వాత 2022లో, ఆందోళన రుగ్మతలున్న 276 మందిపై జరిగిన మరో అధ్యయనంలో ఎనిమిది వారాల శిక్షణ ఎస్‌సిటలోప్రామ్ మాత్రకు దాదాపు సమానంగా పనిచేసింది. నా మటుకు నాకు ఇది మంచి వార్తే. అయితే వాళ్లు చేసింది రోజూ 45 నిమిషాల పూర్తి శిక్షణ. పైగా అది జబ్బుకు చికిత్స.

ఆఫీసుల సంగతి వేరు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది ఉద్యోగుల సర్వేను పరిశీలించి 2024లో ఫలితాలు ప్రచురించారు. మైండ్‌ఫుల్‌నెస్ తరగతులు, యాప్‌లు, ఒత్తిడిని తట్టుకునే శిక్షణలు.. వీటిలో పాల్గొన్నవారు పాల్గొననివారి కన్నా మెరుగ్గా ఏమీ లేరు. ఇది ఒకసారి అడిగిన సర్వే కాబట్టి, ముందే బాగా అలసిపోయినవాళ్లే ఆ తరగతుల్లో చేరి ఉండొచ్చని వాదించవచ్చు. అయినా నాకు ఆశ్చర్యం కలగలేదు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పాయి. పోలిక 35-40 గంటలు పనిచేసేవారితో. ఈ గంటలను ఏ యాప్ తగ్గిస్తుంది?

బౌద్ధం పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి బుద్ధుడు ఇంకేం చెప్పాడో చూద్దాం. దీఘనికాయంలో సిగాలోవాద సుత్తమని ఒకటుంది. రాజగృహంలో సిగాలుడనే గృహస్థు కొడుకు తెల్లారే తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కుతుంటాడు. బుద్ధుడు ఆ దిక్కులకు కొత్త అర్థం చెబుతాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు.. అలా వచ్చి కింది దిక్కు పనివాళ్లు అంటాడు. వాళ్ల పట్ల యజమాని చేయాల్సినవి ఐదు. శక్తికి తగ్గ పని అప్పగించాలి. తిండి, జీతం ఇవ్వాలి. జబ్బు చేస్తే చూసుకోవాలి. రుచికరమైనవి ఉంటే పంచుకోవాలి. వేళకు వదిలిపెట్టాలి. (పనివాళ్లకూ ఐదు చెప్పాడు లెండి, యజమాని కన్నా ముందే లేవడం వాటిలో ఒకటి.) యజమాని చేయాల్సిన ఆ ఐదింటిలో ధ్యానం నేర్పించడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యంపై ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ పని పరిస్థితులు మార్చడం, మేనేజర్లకు శిక్షణ ఇవ్వడం ప్రధానంగా కనిపిస్తాయి.

ప్రైవేటువాళ్లనే అనడం ఎందుకు? ఒకప్పుడు నేను పనిచేసిన ఆసుపత్రిలో నర్సులకు ధ్యానం తరగతి పెట్టారు. ఉదయం ఎనిమిదిన్నరకు, అంటే నైట్ డ్యూటీ దిగిన వెంటనే. రిజిస్టర్‌లో సంతకం తప్పనిసరి. "ఆ అరగంట ముందు ఇంటికి పంపిస్తే పడుకుంటాం కద సార్" అని ఒక సిస్టర్ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నేనూ రెండు రోజులు కూర్చున్నాను. రెండో రోజు గురక పెట్టానని తర్వాత తెలిసింది.

ఇంతా చెప్పి ధ్యానం వద్దంటున్నానని అనుకోకండి. నేనూ చేస్తాను, ఓపీకి ముందు కారులో. కుర్చీలో నడుం నిటారుగా పెట్టి కూర్చోండి. ఫోన్ సైలెంట్‌లో ఉంచండి. ముక్కు రంధ్రాల దగ్గర గాలి లోపలికి వెళ్లడం, బయటికి రావడం గమనించండి. ప్రాణాయామంలోలా శ్వాసను బిగబట్టడం, లెక్కపెట్టి వదలడం ఏమీ లేదు. అది ఎలా నడిస్తే అలా చూడటమే. అర నిమిషంలో మనసు ఈఎంఐ దగ్గరికో, పిల్లల ఫీజు దగ్గరికో పరుగెడుతుంది. పరుగెట్టిందని తెలియగానే మళ్లీ శ్వాస దగ్గరికి తెచ్చుకోండి. పది నిమిషాల్లో యాభైసార్లు తెచ్చుకున్నా కుదరనట్టు కాదు. ఆ తెచ్చుకోవడమే సాధన.

కొందరు జాగ్రత్తపడాలి. తీవ్రమైన కుంగుబాటు, బైపోలార్, లేనివి వినిపించడం లాంటి సమస్యలున్నవారు పది రోజుల శిబిరాలకు వెళ్లేముందు సైకియాట్రిస్టును అడగాలి. దరఖాస్తులో ఆ వివరాలు దాచొద్దు. ధ్యానంలో గుండెదడ, భయం పెరుగుతుంటే ఆపేయండి. ఎప్పుడూ అలసటగా ఉంటే ఒత్తిడే అని తేల్చేయకుండా హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, షుగర్ ఒకసారి చూపించుకోండి. నిద్రలో పెద్దగా గురక, ఊపిరి ఆగి ఆగి రావడం ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. బతకడం దండగ అనే ఆలోచన వస్తుంటే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు.

బ్యాంకు ఉద్యోగి మొన్న సోమవారం మళ్లీ వచ్చారు. బీపీ 138/88. మాత్ర వేసుకుంటున్నారు, ధ్యానమూ చేస్తున్నారు. ఆ రోజు చీటీ మీద నేను రాసిన ముక్క 'రాత్రి తొమ్మిది తర్వాత ఆఫీసు ఫోన్ వద్దు' అని. దాన్ని ఆయన మేనేజర్‌కు చూపించారట. ఏమన్నారని అడిగాను.

"జిరాక్స్ తీసుకున్నారు సార్. ఆయనకూ బీపీ ఉందట."