ఇంట్లో మోడల్ రైల్వే: ఇంజన్ కార్ట్‌లో వేసే ముందు టేప్ తీసి గది కొలవండి

ఫోన్ కొనే ముందు ప్రాసెసర్ నుంచి ఛార్జింగ్ స్పీడ్ దాకా అన్నీ చూస్తాం కదా. మోడల్ రైల్వే దగ్గరకి వచ్చేసరికి మాత్రం చాలామంది నచ్చిన ఇంజన్ ఫొటో చూసి డైరెక్ట్‌గా ఆర్డర్ పెట్టేస్తారు. సౌండ్ ఉన్న మంచి ఇంజన్ ఒక్కటే మిడ్-రేంజ్ ఫోన్ అంత ఖరీదు ఉంటుంది. అది ఇంటికి వచ్చాక, తిరగడానికి చోటు చాలదని తెలిస్తే చేసేదేమీ లేదు. పైగా మనలో చాలామందిది అద్దె ఫ్లాట్. ఓనర్ ఖాళీ చేయమంటే లేఅవుట్ కూడా లిఫ్ట్‌లో పట్టాలి. కాబట్టి ఈ ఆర్టికల్‌లో ట్రైన్ కంటే ముందు చోటు గురించి మాట్లాడుకుందాం.

స్కేల్ అంటే అసలు స్పెక్

ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు స్కేల్స్. హెచ్‌ఓ అంటే 1:87, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఎన్ స్కేల్ అంటే 1:160, పట్టాల మధ్య 9 మి.మీ. నంబర్లుగా చూస్తే తేడా పెద్దగా అనిపించదు. మన ఎల్‌హెచ్‌బీ కోచ్‌ని పెట్టి చూడండి. అసలు కోచ్ పొడవు 23.54 మీటర్లు. హెచ్‌ఓలో అది 27 సెం.మీ., ఎన్‌లో సుమారు 14.7 సెం.మీ. మీకు 24 కోచ్‌ల ఎక్స్‌ప్రెస్ కావాలంటే హెచ్‌ఓలో ఇంజన్ కాకుండానే ఆరున్నర మీటర్లు. మన హాల్ గోడ కూడా అంత ఉండదు. నాలుగైదు కోచ్‌ల దగ్గర రాజీ పడాల్సిందే, అది చూడటానికి బాగానే ఉంటుంది కూడా.

ఇంకో విషయం, మన రైళ్లకి వచ్చే తలనొప్పి. 16.5 మి.మీ. అనేది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌ని 87తో భాగిస్తే వచ్చిన లెక్క. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ., అంటే హెచ్‌ఓలో కరెక్ట్‌గా 19.3 మి.మీ. ఉండాలి. అలాంటి ట్రాక్ రెడీమేడ్‌గా వెతకడం కంటే, 16.5 ట్రాక్ మీదే ఇండియన్ మోడల్ నడుపుకోవడం నయం. పక్క నుంచి చూస్తే తేడా తెలియదు. ఎదురుగా చూస్తే బండి కాస్త సన్న కాళ్ల మీద నిలబడ్డట్టు ఉంటుంది, అంతే.

వంపు దగ్గరే అసలు లెక్క

వంపు రేడియస్ కనీసం కోచ్ పొడవుకి రెండింతలు ఉండాలి, మూడింతలు ఉంటే చూడటానికి కూడా బాగుంటుంది. ఇది హాబీలో అందరూ వాడే మోటు లెక్క. హెచ్‌ఓలో 27 సెం.మీ. కోచ్‌కి మూడింతలంటే 81 సెం.మీ. రేడియస్. ఒక పూర్తి రౌండ్ తిరగాలంటే డయామీటరే 162 సెం.మీ., అంచులతో కలిపి దాదాపు ఆరడుగుల వెడల్పు. బెడ్‌రూమ్‌లో అది పెడితే మంచం బయట వేసుకోవాలి.

అదే ఎన్ స్కేల్‌లో 315 మి.మీ. రేడియస్ ట్రాక్ రెడీమేడ్‌గా దొరుకుతుంది, రెండింతల లెక్కకి సరిపోతుంది. అంచులతో కలిపి 75 సెం.మీ., అంటే రెండున్నర అడుగుల వెడల్పు. రెండున్నర బై ఐదు అడుగుల బోర్డ్‌ని నిలబెట్టి బీరువా పక్కన దాచేయొచ్చు. గోడకి ఆనించి పెట్టినా చెయ్యి చివరిదాకా అందుతుంది. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, చెయ్యి అందని మూలలోనే పట్టాలు తప్పుతాయి, అనుమానం అక్కర్లేదు.

ఫ్లైఓవర్‌లా ఒక లైన్ మీద ఇంకో లైన్ వెళ్లాలని అందరికీ ఉంటుంది. ఎన్‌లో కింది బండి దూరడానికి సుమారు 5 సెం.మీ. ఎత్తు కావాలి. 2.5 శాతం వాలుతో ఎక్కితే దానికి 2 మీటర్ల ట్రాక్, దిగడానికి మళ్లీ 2 మీటర్లు. ఐదడుగుల బోర్డ్ మీద మొదటి లేఅవుట్‌కి నా సలహా: ఫ్లైఓవర్ వద్దు. సొరంగం పెట్టుకోండి. అరకు లైన్ చూసినవాళ్లకి ఐడియా వెంటనే వస్తుంది. బొర్రా గుహల చుట్టుపక్కల బండి కొండలో దూరి ఎక్కడో బయటకొస్తుంది. లేఅవుట్‌లో కూడా ఇరుకు వంపుని కొండ కింద దాచేస్తే, అది ఎంత ఇరుకో ఎవరికీ కనపడదు.

ఇదంతా పేపర్ మీద కాకుండా ఎక్స్‌ట్రాక్‌క్యాడ్ లాంటి ఫ్రీ, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో గీయండి. రెండు పట్టాలకీ రెండు రంగులు వేసుకుంటూ వెళ్లండి. ట్రాక్ ఒక లూప్ తిరిగి తన మీదకే వచ్చి కలిసే చోట ఎరుపు పట్టా నల్ల పట్టాతో కలుస్తుంది. అదే రివర్స్ లూప్, అంటే నేరుగా షార్ట్ సర్క్యూట్. అక్కడ ట్రాక్‌ని కట్ చేసి, ఆటో రివర్సర్ మాడ్యూల్ పెట్టాలి. స్క్రీన్ మీద దొరికితే ఐదు నిమిషాల పని. ట్రాక్ అతికించాక దొరికితే ఆదివారం అంతా పోతుంది.

రౌండ్ తిరగకపోయినా రైల్వేనే

బోర్డ్‌కి కూడా చోటు లేనివాళ్లకి నాకు బాగా నచ్చే ఆప్షన్ ఇంగిల్‌నుక్. అలన్ రైట్ అనే బ్రిటిష్ మోడలర్ చేసిన చిన్న షంటింగ్ లేఅవుట్ నుంచి వచ్చింది. రెండు పాయింట్లు, మూడు సైడింగ్‌లు. ఒకదాంట్లో 5 వ్యాగన్లు, మిగతా రెండింట్లో మూడేసి పడతాయి. ఇంజన్ వైపు ఉన్న లైన్‌లో ఇంజన్‌తో పాటు 3 వ్యాగన్లే పడతాయి. మొత్తం 8 వ్యాగన్లు. చీటీలు తీసి వచ్చిన ఐదింటిని వచ్చిన వరుసలోనే అమర్చాలి. ఎన్ని వరుసలు రావచ్చో లెక్క వేస్తే 6,720.

బీటెక్‌లో డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్లకి నవ్వొస్తుంది, ఎందుకంటే ప్రతి సైడింగూ ఒక స్టాక్. చివర పెట్టింది ముందు బయటకి రావాలి. డైక్‌స్ట్రా షంటింగ్ యార్డ్ అల్గారిథమ్‌కి ఆ పేరు ఊరికే రాలేదు. మన బాక్స్‌ఎన్ బొగ్గు వ్యాగన్ ఎన్ స్కేల్‌లో 6.7 సెం.మీ. కాబట్టి మొత్తం ఆట నాలుగడుగుల షెల్ఫ్ మీద అయిపోతుంది. ఇల్లు మారేటప్పుడు ఒక్కరే మోసుకెళ్లొచ్చు. రౌండ్ తిరిగే బండిని చూసి పదో నిమిషానికి ఫోన్ తీసేవాళ్లు కూడా దీని ముందు గంట కూర్చుంటారు.

ఫోన్‌తో కంట్రోల్

పాత పద్ధతి డీసీ. వోల్టేజ్ పెంచితే స్పీడ్, పోలారిటీ మారిస్తే రివర్స్. ఒకే ట్రాక్ మీద రెండు ఇంజన్లుంటే రెండూ కలిసి కదులుతాయి. డీసీసీలో ట్రాక్ మీద ఎప్పుడూ ఫుల్ వోల్టేజే ఉంటుంది, కానీ అది స్క్వేర్ వేవ్. సగం సైకిల్ 58 మైక్రోసెకన్లు అయితే 1, కనీసం 100 మైక్రోసెకన్ల పాటు ఉంటే 0. ప్యాకెట్‌లో అడ్రస్, కమాండ్, చివర ఎర్రర్ చెక్ బైట్ ఉంటాయి. అన్ని ఇంజన్లూ వింటాయి, తన అడ్రస్ ఉన్నది మాత్రమే కదులుతుంది. కొత్త డీకోడర్‌లో అడ్రస్ మామూలుగా 3 ఉంటుంది, రెండో ఇంజన్ కొనగానే మార్చుకోండి.

కొనేటప్పుడు ఒక్క మాట జాగ్రత్త. బాక్స్ మీద ‘డీసీసీ రెడీ’ అని ఉంటే లోపల సాకెట్ మాత్రమే ఉందని అర్థం, డీకోడర్ విడిగా కొనాలి. డీకోడర్ లేని ఇంజన్‌ని డీసీసీ ట్రాక్ మీద వదిలేస్తే మోటార్ వేడెక్కి పోతుంది.

బ్రాండెడ్ కమాండ్ స్టేషన్‌కి బడ్జెట్ లేకపోతే డీసీసీ-ఈఎక్స్ చూడండి. ఆర్డుయినో మెగా, మోటార్ షీల్డ్, ఒక వైఫై బోర్డ్ ఉంటే చాలు. ఆండ్రాయిడ్‌లో ఇంజన్ డ్రైవర్ యాప్ వేసుకుంటే ఫోనే థ్రాటిల్. షీల్డ్‌లో ‘విన్ కనెక్ట్’ గురించి డాక్యుమెంటేషన్‌లో రాసింది చదవకుండా మాత్రం అడాప్టర్ ప్లగ్ పెట్టొద్దు.

వైరింగ్‌లో పిసినారితనం పనికిరాదు. పట్టాల జాయింట్ల మీద నమ్మకం పెట్టుకోకుండా, కింద ఒకటిన్నర చదరపు మి.మీ. ఇంటి వైర్ రెండు వరసలు లాగి, మీటరుకోసారి పట్టాలకి కనెక్షన్ ఇవ్వండి. తర్వాత ఐదు రూపాయల నాణెం తీసుకుని ప్రతి ముక్క దగ్గరా రెండు పట్టాల మీద ఆనించండి. వెంటనే పవర్ ట్రిప్ అవ్వాలి. ఎక్కడైనా అవ్వలేదంటే, అక్కడ రెసిస్టెన్స్ ఎక్కువై కరెంట్ ట్రిప్ లిమిట్‌ని చేరట్లేదు. రేపు అదే చోట బండి పట్టాలు తప్పితే ఆ వేడి అంతా ఇంజన్ చక్రాల్లోకి, ప్లాస్టిక్‌లోకి పోతుంది. పిల్లలు నడిపే లేఅవుట్ అయితే ఈ టెస్ట్ పాస్ అయ్యాకే వాళ్ల చేతికి ఫోన్ ఇవ్వండి.

మట్టి, రాళ్లు, దుమ్ము

ఇక్కడ ఖర్చు చాలా తక్కువ. ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ సోప్ కలిపితే పట్టాల మధ్య కంకర అతికించే జిగురు రెడీ. కంకరకి సన్నగా జల్లించిన ఇసుక వాడొచ్చు, కానీ ముందు దాని మీద అయస్కాంతం తిప్పండి. భీమిలి, విశాఖ బీచ్ ఇసుకలో నల్లగా కనిపించే ఖనిజాల్లో కొన్ని అయస్కాంతానికి అంటుకుంటాయి. అవి ఇంజన్ కింద నుంచి మోటార్‌లోకి చేరితే తీయడం కష్టం.

మన ఇళ్లలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి దుమ్ము తప్పదు. బండి ఆగి ఆగి వెళ్తుంటే వారానికోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, అంటే మొబైల్ రిపేర్ షాపుల్లో వాడేదే, పట్టాలూ చక్రాలూ తుడవండి. తుడిచేటప్పుడు పవర్ ఆఫ్ చేసి, కిటికీ తెరిచి ఉంచండి. ఉప్పుకాగితంతో రుద్దొద్దు, ఆ గీతల్లోనే మురికి మళ్లీ తొందరగా పేరుకుంటుంది.